తుపాను తర్వాత ధాన్యం ధర పెరుగుతుందా? ఆపాలా, అమ్మాలా?

కాలువ గట్టు · నవంబరు 2, 2025, రాత్రి 8.40

అందరికీ నమస్కారం. మాది నరసాపురం పక్క పల్లె. మొంథా తుపాను అక్టోబరు 28 రాత్రి మా మీదుగానే తీరం దాటింది. స్వర్ణ రకం వరి వేశాం. కంకులు బరువెక్కి వంగుతున్న సమయం. సగం చేను నేలకు ఒరిగింది, మిగిలిన సగం నిలబడింది. నీళ్లయితే తీసేశాం.

ఇప్పుడు టీ కొట్టు దగ్గర రెండు వాదనలు నడుస్తున్నాయి. కోస్తా అంతా పంట దెబ్బతిన్నది కాబట్టి సంక్రాంతి దాటాక ధర ఎగబాకుతుంది, ఇంట్లో నిల్వ పెట్టుకున్నవాడిదే రాజ్యం అని ఒకరు. ఫిలిప్పీన్స్ వాళ్లు సెప్టెంబరు నుంచి బియ్యం దిగుమతి ఆపేశారు, ఇప్పుడు ఆపుకున్నవాడు మునుగుతాడు అని ఇంకొకరు. ఇద్దరూ గొంతు చించుకుంటున్నారు. మిల్లు, ఎగుమతి సంగతులు తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కౌలు డబ్బు జనవరిలో కట్టాలి. అది కూడా మనసులో పెట్టుకుని చెప్పండి.

మిల్లు గేటు · నవంబరు 2, రాత్రి 9.25

కాలువ గట్టు గారూ, పడిపోయిన చేను చూస్తే కడుపు తరుక్కుపోతుంది, తెలుసు. అయినా ఉన్నమాట చెబుతాను. పంట పోతే ధర పెరుగుతుంది, నిజమే. కానీ ఎక్కడి పంట పోతే? ఈ ఏడాది నైరుతి రుతుపవనాలు దేశం మొత్తం మీద సగటులో 108 శాతం కురిశాయి. ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) గోదాముల్లో కొత్త బియ్యానికి చోటు వెతుక్కోవలసిన పరిస్థితి. మన మూడు నాలుగు జిల్లాల చేలు ఒరిగిపోయాయన్న సంగతి ఆఫ్రికాలో బియ్యం కొనేవాడి చెవిన కూడా పడదు.

లెక్క మోటుగా వేసి చూపిస్తాను. ఉప్పుడు బియ్యం ఓడ ఎక్కించిన ధర ఇప్పుడు టన్నుకు 345 డాలర్ల దగ్గర ఆడుతోంది. డాలరు 88 అనుకుంటే కిలో ముప్పై రూపాయల చిల్లర. సంచి, లారీ కిరాయి, రేవు ఖర్చులు, ఎగుమతిదారు లాభం పోగా మిల్లు దగ్గర కిలోకు 28 మించి మిగలదు. క్వింటాలు ధాన్యం ఆడిస్తే 68 కిలోల బియ్యం, అంటే 1,900 రూపాయలు. తవుడు, నూకల మీద వచ్చేది కరెంటుకూ కూలికీ బాయిలరుకూ సరి. ఆ లెక్కన 75 కిలోల బస్తాకు నేను ఇవ్వగలిగింది 1,425. మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369, అంటే బస్తాకు 1,777.

ఈ రెండింటి మధ్య తేడా చూడండి. ఎగుమతి ఊపుతో ధర లేస్తుందని ఆశపడాలంటే ముందు ప్రపంచ ధర ఆ 350 రూపాయల గుంటను పూడ్చుకుని రావాలి.

ఎర్రనేల · నవంబరు 2, రాత్రి 9.50

ధర పడినప్పుడు ప్రపంచ మార్కెట్ అంటారు. ధర లేచినప్పుడు దేశ ఆహార భద్రత అంటారు. 2023లో ప్రపంచ మార్కెట్ పైన ఉన్నప్పుడు మనల్ని దాని దగ్గరికి వెళ్లనిచ్చారా? రేవు లెక్క గారు ఉంటే ఆ జూలై సంగతి చెప్పమనండి.

రేవు లెక్క · నవంబరు 2, రాత్రి 10.35

ఉన్నాను. కాకినాడలో సరుకు ఎక్కించే పని చూస్తాను కాబట్టి అది మరిచిపోయే రోజు కాదు.

2023 జూలై 20. బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధం. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులోనే నూకలను నిషేధించి, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. అయినా ఓడలు కదులుతూనే ఉన్నాయి, ఎందుకంటే వానలు తగ్గించే ఎల్‌నినో భయంతో కొనేవాళ్లు సుంకం భరించి మరీ కొన్నారు. ఇక పూర్తిగా ఆపేశారు. అప్పటికే లోడింగు మొదలైన ఓడలకు మినహాయింపు ఇచ్చారు. చదవడానికి బాగానే ఉంటుంది ఆ వాక్యం. మా యాంకరేజ్ రేవులో ఓడ ఒడ్డుకు రాదు. సముద్రంలో లంగరు వేసి నిలబడుతుంది. బస్తాలు గోదాము నుంచి లారీలో, లారీ నుంచి బార్జీ అనే సరుకు పడవలోకి, బార్జీ ఓడ పక్కకు చేరాక క్రేన్‌తో హోల్డులోకి, అంటే ఓడ లోపలి సరుకు గదిలోకి వెళ్లాలి. మరి బార్జీలో ఉండి ఓడలోకి ఎక్కని బస్తా లోడింగు మొదలైనట్టా, కానట్టా? ఆ రాత్రి అందరి ఫోన్లలోనూ ఇదే ప్రశ్న.

తెల్ల బియ్యం ఆగితే వ్యాపారులు ఉప్పుడు బియ్యం మీద పడ్డారు. నెల దాటిన కొద్ది రోజులకే, ఆగస్టు 25న, దాని మీదా 20 శాతం సుంకం వేశారు. ఆ ఆగస్టు దేశంలో 1901 తర్వాత అంత పొడిగా గడిచిన ఆగస్టు లేదు. ఢిల్లీవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు, అది ఒప్పుకోవాలి.

వాన గురించి ఇంకో మాట. మాకు వాన అంటే పొలంలో పడేది కాదు, హోల్డు మూత మీద పడేది. మబ్బు కమ్మితే మూతలు వేసేస్తారు. తడి తగిలిన బస్తా నెల రోజుల ప్రయాణంలో పక్క బస్తాలనూ ముక్కబెడుతుంది. ఒప్పుకున్న గడువు దాటి ఓడ నిలబడితే ఆలస్య రుసుము డాలర్లలో కట్టాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఎగుమతిదారు మిల్లుకు ధర చెప్పేటప్పుడు ఈ భయాన్ని కూడా అందులోంచి కోసుకునే చెబుతాడు.

డల్లాస్ వంటిల్లు · నవంబరు 2, రాత్రి 11.15

ఆ జూలై నిషేధం వార్త మాకు మధ్యాహ్నం భోజనాల వేళకు తెలిసింది. సాయంత్రానికి భారతీయ సరుకుల దుకాణం ముందు వరస పార్కింగు దాటింది. సోనా మసూరి సంచులు ఒక్కొక్కరు అయిదేసి, పదేసి బండిలో వేసుకున్నారు. మర్నాటికి కుటుంబానికి ఒక్కటే అని బోర్డు పెట్టారు, ధరేమో ఎగిరి కూర్చుంది. గోదాముల్లో నెలలకు సరిపడా సరుకు ఉందని తర్వాత తెలిసింది. మా ఇంట్లో ఆ బియ్యం మరుసటి వేసవి దాకా తిన్నాం, పురుగు ఏరుకుంటూ. ఎగుమతి గిరాకీ అంటే అచ్చంగా మేమేనేమో అనిపించింది ఆ రోజు!

ఎర్రనేల · నవంబరు 3, ఉదయం 6.30

మీకు నవ్వులాట, డల్లాస్ గారూ. నాకు లెక్క. 2024 మొదట్లో థాయ్ బియ్యం టన్ను 600 డాలర్లు దాటింది. మిల్లు గేటు గారి సూత్రమే వాడి చూడండి. 600ను అప్పటి 83తో గుణిస్తే కిలో యాభై దగ్గర. ఖర్చులు పోయి 46 అనుకున్నా, క్వింటాలు ధాన్యానికి మూడు వేల పైచిలుకు. అప్పటి మద్దతు ధర 2,183. ఆ తేడా రైతు జేబులోంచి తీసి ఎవరి జేబులో పెట్టినట్టు?

మిల్లు గేటు · నవంబరు 3, ఉదయం 7.45

గుణకారం సరే, మూలంలోనే చిక్కుంది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనది. మనం తలుపు వేశాం కాబట్టే థాయ్‌వాడికి 600 వచ్చింది. మనం కూడా ఆ అంగట్లో కూర్చుని ఉంటే 600 ఎక్కడిది? మహా అయితే 450, 480 ఉండేదేమో. అయినా మద్దతు ధర కంటే ఎక్కువే వచ్చేది, అంతవరకు మీ మాట నిజం. రైతు నష్టపోయాడు, కాకపోతే మీరు వేసినంత కాదు.

ఇక తలుపు తెరిచాక ఏమైంది? 2024 సెప్టెంబరు చివర టన్నుకు 490 డాలర్ల కనీస ధరతో తెల్ల బియ్యాన్ని వదిలారు. అక్టోబరులో ఆ కనీస ధరా తీసేశారు, ఉప్పుడు బియ్యం సుంకమూ తీసేశారు. అక్కడి నుంచి థాయ్, వియత్నాం, పాకిస్తాన్ ధరలన్నీ జారుడుబల్ల ఎక్కాయి. 600 పలికినచోటే ఇప్పుడు 350. వాన ఒక పక్క, మన గెజిట్, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, ఒక పక్క వేసి తూస్తే గత మూడేళ్లలో బియ్యం ధరను ఎక్కువగా కదిలించింది గెజిట్టే.

రేవు లెక్క · నవంబరు 3, ఉదయం 9.05

ఫిలిప్పీన్స్ సంగతి అడిగారు కదా. అదీ గెజిట్ కథే. మొన్న మార్చి 31న తెలంగాణ పౌర సరఫరాల బియ్యం, ఎంటీయూ 1010 రకం, 12,500 టన్నులు ఇక్కడి నుంచే వాళ్లకు బయలుదేరాయి. మార్గం దొరికిందని సంబరపడ్డాం. సెప్టెంబరు 1 నుంచి వాళ్లు దిగుమతి ఆపేశారు. ముందు 60 రోజులన్నారు, ఇప్పుడు ఏడాది చివరి దాకా అంటున్నారు. కారణం వాళ్ల దగ్గర కోతలు, పడిపోయిన ధాన్యం ధర, రైతుల గోల. మన ప్రభుత్వం ధర లేస్తే ఎగుమతి ఆపుతుంది, వాళ్లది ధర పడితే దిగుమతి ఆపింది. ఎవరి ఓట్లు వాళ్లవి.

వేదిక నిర్వహణ · నవంబరు 3, ఉదయం 9.20

ఓట్ల చర్చకు వేరే విభాగం ఉంది. ఇక్కడ ధరల వరకే మాట్లాడుకుందాం.

అయోవా నుంచి · నవంబరు 3, సాయంత్రం 6.50

చదువుతుంటే ఊరుకోలేకపోయాను. నేను ఇక్కడ గింజలు కొని నిల్వచేసే కేంద్రంలో పనిచేస్తున్నాను. రైతు ట్రక్కు కాటా ఎక్కించే కిటికీలో కూర్చుంటే వానకూ ధరకూ ఉన్న సంబంధం రోజూ కళ్లముందే.

మొదటి సంగతి, వాన ఎంత కురిసింది అన్నదానికంటే ఎప్పుడు కురిసింది అన్నది ముఖ్యం. మొక్కజొన్నకు జూలై. పీచు తొడిగి పుప్పొడి రాలే రెండు వారాల్లో ఎండ మాడిస్తే కండెలో గింజలు పట్టవు, ఆ తర్వాత కుండపోత కురిసినా లాభం లేదు. సోయాకు ఆగస్టు, కాయ నిండే సమయం. 2012లో జూన్, జూలై రెండూ మాడిపోయాయి. ఆగస్టులో చికాగో సరుకుల ఎక్స్ఛేంజీలో మొక్కజొన్న బుషెల్, అంటే 25 కిలోల పైచిలుకు, 8 డాలర్లు దాటింది. సెప్టెంబరు మొదట్లో సోయా 17 డాలర్లు దాటింది. అంతవరకూ కనీవినీ ఎరగని ధరలవి. ఆ రోజుల్లో వ్యాపారులు పంట కంటే వాతావరణ పటాన్ని ఎక్కువ చూసేవారట. పది రోజుల తర్వాత వాన పడవచ్చు అన్న అంచనాకే ధర పడిపోయేది, ఆ అంచనా మారితే మర్నాడు మళ్లీ లేచేది.

కోత మొదలయ్యాక వాన వార్తకు విలువ పోతుంది. అప్పుడు అడిగేది ఒకటే, ఎవరు కొంటున్నారు? 2018 జూలై 6న చైనా అమెరికా సోయా మీద 25 శాతం సుంకం వేసింది. ఇక్కడ ధర 8 డాలర్ల చిల్లరకు జారింది. అదే వారాల్లో బ్రెజిల్ రేవుల్లో సోయాకు చికాగో ధర మీద అదనంగా ఇచ్చి కొన్నారు. ఒకే గింజ, ఒకే నూనె, ఒకే పిండి. తేడా ఓడ ఎక్కిన దేశమే.

ఈ ఏడాదీ అదే పాట. మే తర్వాత చైనా కొత్త పంటకు ఆర్డరు పెట్టలేదు. చికాగో బోర్డు మీద ధర మరీ ఘోరంగా కనిపించలేదు గానీ, ఉత్తర డకోటా రైతుకు ఆ ధరలో పెద్ద కోత పడింది. వాళ్ల సోయా రైళ్లు పశ్చిమ తీరం రేవులకు వెళ్లి చైనా ఓడలెక్కాలి. ఆ ఓడలు రాకపోతే గింజను అటూ ఇటూ తిప్పడానికి అయ్యే ఖర్చంతా రైతు నెత్తినే. బోర్డు ధర చూసి రైతు పరిస్థితి ఊహించడం ఇందుకే కుదరదు. అక్టోబరు 30న బుసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశారు. ఏడాది చివరిలోగా కోటీ 20 లక్షల టన్నులు చైనా కొంటుందని అమెరికా ప్రకటించింది. సోయా 11 డాలర్లు దాటింది. ఆ వారంలో మా పొలాల్లో మారింది ఏమీ లేదు.

ఇంకో వింత. సెప్టెంబరులో అర్జెంటీనా తన ఎగుమతి పన్నును కొన్నాళ్లు ఎత్తేసింది. 700 కోట్ల డాలర్ల అమ్మకాల దాకా అని హద్దు పెడితే రోజుల్లోనే హద్దు నిండిపోయింది. చైనావాళ్లు సోయా గింజలు ఎత్తుకుపోయారు, మన దేశపు కొనుగోలుదారులు సోయా నూనె బుక్ చేసుకున్నారు. హైదరాబాదు వంటింట్లో మరిగే నూనెకు ఆ రాయితీతో సంబంధం ఉంది మరి.

నా అనుభవంలో కరవు తెచ్చిన ధర త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది. ఉత్తరార్ధగోళంలో పంట పోతే ఆరు నెలల్లో బ్రెజిల్ పంట వచ్చి పడుతుంది. కొనేవాడు వేరే అంగడి అలవాటు చేసుకుంటే మాత్రం తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. 2018లో పోయిన చైనా వాటా అమెరికాకు ఇంతవరకు పూర్తిగా తిరిగి రాలేదు.

గెలల తోట · నవంబరు 3, రాత్రి 8.15

అయోవా తమ్ముడూ, బాగా రాశావు. మాది అశ్వారావుపేట వైపు ఆయిల్ పామ్ తోట. గెలల ధరను ముడి పామాయిల్ ధరకూ నూనె శాతానికీ ముడిపెట్టి నెలనెలా ప్రకటిస్తారు కాబట్టి జకార్తాలో తుమ్మితే మాకు ఇక్కడ జలుబు.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఆగింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపింది. మా ప్రాంతంలో అందరి కళ్లూ మెరిశాయి, కొత్త మొక్కలకు పోటీ పడ్డారు. మే 23న నిషేధం తీసేశారు. అక్కడ ట్యాంకుల్లో పేరుకున్న నూనె ఒక్కసారిగా బయటికొచ్చేసరికి కొద్ది నెలల్లో ధర కుప్పకూలింది. ఆ మెరుపు చూసి వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి.

2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద దిగుమతి సుంకం, సెస్సులన్నీ కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. టన్ను గెలల ధర పద్నాలుగు వేల చిల్లర నుంచి కొన్ని నెలల్లో ఇరవై వేల దగ్గరికి వచ్చింది. ఈ ఏడాది మే 30న మళ్లీ 16.5కు తగ్గించారు. వాన పాత్ర ఎక్కడ అంటారా? ఆయిల్ పామ్‌కు ఈ వేసవి నీళ్లు తగ్గితే దెబ్బ ఈ ఏడాది కనబడదు. ఏడాదిన్నర తర్వాత ఆడపూలు తగ్గి గెలలు తగ్గుతాయి. అప్పటికి ధర ఎలా ఉంటుందో జ్యోతిష్కుణ్ని అడగాలి.

మక్కచేను · నవంబరు 3, రాత్రి 9.00

నిజామాబాద్ నుంచి. మా మక్కల గోల ఎవరూ ఎత్తలేదు. ఒకప్పుడు బంగ్లాదేశ్, వియత్నాం, మలేషియా కొనేవి. తర్వాత ఇథనాల్ కంపెనీలు వచ్చి ఎంత కండె తెచ్చినా చాలదన్నాయి. దేశమే 2024లో మక్కలు దిగుమతి చేసుకుంది. సరే అని విస్తీర్ణం పెంచాం. ఈలోగా ఇథనాల్‌కు ఎఫ్‌సీఐ బియ్యాన్ని క్వింటాలు 2,250కే ఇచ్చారు. ఇప్పుడు కోత సమయానికి మద్దతు ధర 2,400 అని కాగితం మీద, మార్కెట్ యార్డులో అంతకంటే చాలా కిందికి. పైగా అక్టోబరు వానలకు తేమ. మిగిలిపోయిన బియ్యం మా మక్కల ధరను తినేసింది.

ఎర్రనేల · నవంబరు 3, రాత్రి 9.30

అనంతపురం వేరుశనగకు వానే ఎగుమతి గిరాకీని చంపుతుంది. కాయ పీకి కుప్ప వేశాక తడిస్తే బూజు, బూజులోంచి అఫ్లాటాక్సిన్ విషం. సెప్టెంబరులో ఇండోనేషియా మన వేరుశనగ దిగుమతిని ఆ కారణంగానే తాత్కాలికంగా ఆపింది. మనకు అతి పెద్ద కొనుగోలుదారుల్లో అదొకటి. కాయను గలగలమనేదాకా ఎండబెట్టిన రైతుకూ, పచ్చిదే సంచిలో కుక్కిన వ్యాపారికీ ఒకే శిక్ష.

అయోవా గారికి ఒక ప్రశ్న. మీ దగ్గర రైతు విత్తకముందే కోతకాలపు ధరకు అమ్మి పెట్టుకుంటాడు కదా. మాకు ఆ దారి లేదా?

అయోవా నుంచి · నవంబరు 3, రాత్రి 10.10

ఉన్న దారి మూశారు. 2021 డిసెంబరులో మార్కెట్లను నియంత్రించే సెబీ ఏడు సరుకుల ఫ్యూచర్స్, అంటే ముందే ధర ఖాయం చేసుకునే ఒప్పందాల వ్యాపారం, ఆపేసింది. బాస్మతి కాని వరి, గోధుమ, శనగ, ఆవాలు, సోయా, ముడి పామాయిల్, పెసలు. ఏటా పొడిగిస్తూ వచ్చారు. వేరుశనగ ఆ జాబితాలో లేదు గానీ, చిన్న రైతు ఒంటరిగా అందులో దిగే పరిస్థితీ లేదు. ఇక్కడ మా కేంద్రం లాంటిది మధ్యలో ఉండి రైతుతో మామూలు కాగితం మీద ఒప్పందం రాసుకుంటుంది, చికాగోలో కొనే అమ్మే తలనొప్పి తాను పడుతుంది. ఆ మధ్యవాడు లేకపోతే తెర మీద ధర కనిపించినా రైతుకు ఒరిగేది లేదు.

కాలువ గట్టు · నవంబరు 4, ఉదయం 6.15

అందరికీ కృతజ్ఞతలు. రాత్రంతా చదివాను. నాకర్థమైంది, మా తుపానుకు ప్రపంచ ధర లేవదు. మరి సంక్రాంతి దాకా ఆపితే ఊళ్లో ధరైనా పెరగదా? మా మామయ్య 2023లో సాంబ మసూరి ఆపి బాగా సంపాదించాడు.

మిల్లు గేటు · నవంబరు 4, ఉదయం 7.05

మీ మామయ్యగారు ఆపింది సాంబ మసూరి. అది ఇళ్లలో వండుకునే సన్నం. పాతబడిన కొద్దీ అన్నం పొడిపొడిగా వస్తుంది కాబట్టి పాత బియ్యానికి కొనేవాడు ఎక్కువ ఇస్తాడు. మీది స్వర్ణ. ఉప్పుడు బియ్యానికో, రేషనుకో పోయే సరుకు. దాన్ని పాతబెడితే ఎలుకలకు లాభం.

నేనైతే ఇలా చేస్తాను. నిలబడిన చేనూ పడిన చేనూ వేర్వేరుగా కోయించండి, ఒక్క బస్తా కూడా కలవనివ్వకండి. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం, రంగుమారినవీ మొలకెత్తినవీ పాడైనవీ అన్నీ కలిపి 5 శాతం హద్దు. కలిపితే మంచి సరుకు కూడా హద్దు దాటిపోతుంది. నిలబడిన చేను ధాన్యాన్ని రైతు సేవా కేంద్రం ద్వారా మద్దతు ధరకు ఇచ్చేయండి, కౌలు డబ్బు అందులో వస్తుంది. కౌలు రైతు కార్డు ఉందా? లేకపోతే ఈ వారమే ఆ పని చూడండి, డబ్బు భూమి యజమాని ఖాతాలో పడితే మళ్లీ తిరగాలి. పడిన చేను ధాన్యానికి తుపాను సడలింపులు ఇస్తారేమో కనుక్కోండి. ఇవ్వకపోతే ఆరబెట్టి ఉప్పుడు మిల్లుకు తోలండి. ఉడకబెడితే రంగు తేడా కొంత కప్పబడిపోతుంది, నూక కూడా తగ్గుతుంది. మద్దతు ధర రాదు, బేరం గట్టిగా ఆడండి.

కాలువ గట్టు · నవంబరు 4, ఉదయం 7.30

కార్డు ఉందండీ. నిన్న నాలుగు కంకులు నలిపి యంత్రంలో వేస్తే తేమ 24 చూపించింది.

మిల్లు గేటు · నవంబరు 4, ఉదయం 7.40

అయితే ఇంకా కోత యంత్రాన్ని పిలవకండి. ఎండ కాస్తే నాలుగైదు రోజులు ఆగవచ్చు. ఈలోగా టార్పాలిన్లు, సంచులు మాట్లాడి పెట్టుకోండి. కోతలు ఊపందుకున్నాక కేంద్రంలో సంచులు దొరకవు.